బొమ్మలో పట్టని అరచేయి

మా పాత కాలేజీ పిల్లలు వాళ్ల సంచికలో "రిటైరైన సీనియర్ల జ్ఞాపకాలు" అని ఒక శీర్షిక పెట్టి, నన్ను కూడా రాయమన్నరు. నాకు ముప్పై నాలుగేండ్లు. ఎమ్మారై టెక్నీషియన్‌గా తొమ్మిదేండ్లు చేసి మానేసిన కాబట్టి వాళ్ల లెక్క ప్రకారం నేను రిటైరైనట్టే. మోకాళ్లు ఇంకా పనిచేస్తున్నయి, జుట్టు మాత్రం పెద్దరికానికి బాగానే సహకరిస్తున్నది. సరే, రాస్తున్న.

ఒక తప్పు చేసి, దాని బరువు మోయలేక ఉద్యోగం వదిలేసిన అని మొదలువెడితే మంచిగుండేది. చదివేటోళ్లు కూడా ఒకసారి నిట్టూర్చేటోళ్లు. అట్ల జరగలే. మా సెంటర్ మూతబడ్డది. ఇప్పుడక్కడ మండీ బిర్యానీ హోటల్ నడుస్తున్నది. మా అయస్కాంతం ఉన్న గదిని ఫ్యామిలీ సెక్షన్ చేసిన్రు. నేను ఒక కంపెనీలో కూసొని, స్కాన్ బొమ్మల మీద గీతలు గీస్తూ, ఎముక ఏది, నరం ఏది అని కంప్యూటర్‌కు నేర్పుతున్న. తప్పు మాత్రం నిజంగనే చేసిన. అదే రాస్తున్న.

మా సెంటర్ ఉప్పల్ నుంచి నాచారం పోయే రోడ్డు మీద ఉండేది. ఒంట్లో భాగాలు మాకు ఏరియాల వారీగా వచ్చేవి. హబ్సిగూడ హాస్టళ్ల నుంచి మెడలు వచ్చేవి, పరీక్షల కోసం వంగి వంగి పట్టేసినవి. దమ్మాయిగూడ కొత్త కాలనీల నుంచి నడుములు వచ్చేవి, ఇల్లు కట్టి చూసినోళ్లవి. నాచారం ఫ్యాక్టరీల నుంచి వేళ్లు వచ్చేవి. ప్రెస్సు కింద నలిగినవి, బెల్టులో ఇరికినవి, డ్రమ్ము మూత మీద పడ్డవి. ఏ వేలు ఏ డిపార్ట్‌మెంట్‌దో పేషెంట్ చెప్పకముందే మా సీనియర్ అన్న చెప్పేటోడు. ఆయన పద్దెనిమిదేండ్ల నుంచి అదే పని చేస్తున్నడు. మాట తక్కువ. నేను రోజంతా మాట్లాడుత కాబట్టి ఇద్దరం కలిస్తే సరిగ్గా ఇద్దరు మనుషుల మాటలు అయ్యేవి.

వేలి స్కాన్ గురించి మీకు క్లాసులో ఒక గంట చెప్పి ఉంటరు. నేను రెండు ముక్కల్లో చెప్త. నడుమును తీసుడు పెండ్లి గ్రూపు ఫోటో లెక్క, ఎట్ల తీసినా అందరు పడుతరు. వేలు అట్ల కాదు. అగ్గిపెట్టె అంత జాగలో మూడు ఎముకలు, వాటిని వంచే సన్నని తాళ్లు, ఆ తాళ్లను ఎముకకు అంటిపెట్టి ఉంచే పట్టీలు. డాక్టర్లు టెండన్ అంటరు, మన జనం నరం అంటరు, నేను తాడు అంట. పేషెంట్‌ను బోర్లా పండబెట్టి, చేయి తల మీదికి చాపించి, ఆ వేలును అయస్కాంతం నడుమకు తేవాలె. అరగంట కదలొద్దు. దగ్గితే ఒక బొమ్మ పోతది. గురక పెడితే అన్నీ పోతయి.

ఆ యేడే మాకు వేళ్ల కోసమని ప్రత్యేకంగా ఒక చిన్న కాయిల్ వచ్చింది. రేడియోకు ఏరియల్ ఎట్లనో మా మిషన్‌కు కాయిల్ అట్ల. ఎంత చిన్నగా ఉండి, ఎంత దగ్గరగా పట్టుకుంటే బొమ్మ అంత సాఫ్‌గా వస్తది. అది వచ్చినప్పటి నుంచి నాకు పిచ్చి పట్టింది. వేలును ఫ్రేములో బిగించి, బొమ్మ చుట్టూ ఖాళీ లేకుండా కత్తిరించి, మెరిసేటట్టు తీసేటోణ్ని. పేరు చెరిపేసి టెక్నీషియన్ల గ్రూపులో పెడితే "మాస్టర్ పీస్ అన్నా" అని రాసేటోళ్లు. మాస్టర్‌ను కాకముందే పీసులు తీసుడు నాకు అలవాటైంది.

ఇంకొక పద్ధతి చెప్పాలె. మా దగ్గర ఒక డబ్బాలో విటమిన్ గోళీలు ఉండేవి, నూనె నింపిన మెత్తటివి. ఎవరూ మింగేటందుకు కాదు. నొప్పి ఉన్న చోట ఒక గోళీ పెట్టి టేపు అతికిస్తే, బొమ్మలో అది తెల్లగా మెరుస్తది. బొమ్మ చదివే డాక్టరు ఎక్కడ కూసున్నా, పేషెంట్ బాధ ఎక్కడున్నదో ఆ తెల్లచుక్క చూసి పట్టుకుంటరు. నేను చేరిన మొదటి వారంలోనే సీనియర్ అన్న చెప్పిండు: "గోళీ పేషెంటు సూపెట్టిన కాడ పెట్టాలె. కాయితం సూపెట్టిన కాడ కాదు." ఆయన నాకు నేర్పిన వాటిలో అతి చిన్న పాఠం అది. అంత చిన్నదాన్ని ఎవరు మరుస్తరు?

ఆ రోజు పదకొండు గంటలకు ఒక మామ వచ్చిండు. అరవై దగ్గర పడ్డ మనిషి. వెంట ఆయన భార్య, అందుకని నాకు అత్త. కుడిచేతి ఉంగరపు వేలు వాచి ఉంది. కాలనీ క్లినిక్ డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముక బాగానే ఉన్నదని, వేలికి ఎమ్మారై రాసి పంపిండు. దెబ్బ తగిలి నాలుగు రోజులు.

"ఏం చేస్తవు మామా?"

"పాలు పిండుత. నాలుగు బర్రెలున్నయి. మాది నాచారమే, మేం ఊరోళ్లం."

ఊరోళ్లం అంటే ఫ్యాక్టరీల కంటే ముందు నుంచి ఉన్నోళ్లు. పొలం పోయినంక కూడా, రెండు అపార్ట్‌మెంట్ల నడుమ రేకుల కొట్టంలో నాలుగు బర్రెలను ఉంచుకొని ఊరును నడిపిస్తున్నోళ్లు.

"ఈయనకు జర జెప్పు బిడ్డా," అన్నది అత్త. "ఈ ఈడుల బర్రెతోని కొట్లాట ఏంది?"

"కొట్లాట కాదే. బరాత్ బండి డీజే మోగంగనే అది బెదిరింది. పలుపు ఏలికి సుట్టుకున్నది. అది గుంజింది, నేను గుంజిన."

"ఎవరు గెలిసిన్రు మామా?" అన్న నేను.

"అది మేత మేస్తున్నది. నేను నీ కాడికొచ్చిన. సూసుకో."

నాకు మనిషి నచ్చిండు. మొలతాడుకున్న తాయెత్తు తీసేయమంటే, "దీనికి కూడ ఫోటో దిగుడు ఇష్టం లేదా?" అని అత్త చేతిలో పెట్టిండు. లోపలికి తీసుకపోయి బల్ల మీద కూసోబెట్టి గోళీ తీసిన.

"నొప్పి ఎక్కడ మామా, వేలు పెట్టి చూపెట్టు."

ఆయన ఎడమచేతి బొటనవేలితో కుడి అరచేయి నడుమ ఒత్తిండు.

"ఈడ. ఏలు కొస వంగుతలేదు గని, నొప్పి మాత్రం ఈడున్నది. సింతగింజ లెక్క తాకుతది. జర ఒత్తి సూడు."

చేయి చాపిండు. నేను ఒత్తలే. కాయితంలో వేలు అని ఉంది. కొత్త కాయిల్ వేలికే సరిపోతది. అరచేయి కూడా కావాలంటే పెద్ద కాయిల్ పెట్టాలె, మళ్లీ మొదటి నుంచి సర్దాలె, బొమ్మ అంత మెరవదు. ఇవన్నీ నేను వివరంగా ఆలోచించి నిర్ణయించిన అనుకునేరు. ఆలోచించలే. నోట్లో ఒక జోకు తయారుగా ఉండె.

"అరచేయి చూపెట్టాలంటే జాతకాలు చెప్పేటోని కాడికి పోవాలె మామా. మేం వేళ్లే చూస్తం."

మామ నవ్విండు. తలుపు కాడ నిలబడ్డ అత్త కూడా నవ్వింది. నవ్వి, ఆయన చేయి వెనక్కి తీసుకున్నడు. ఇంకో మాట అనలే. జోకు వేసినప్పుడు ఎదుటోడు నవ్వితే గెలిచినం అనుకుంటం. ఆయన అడగాల్సిన మాట ఆ నవ్వుతోనే ఆగిపోయిందని నాకు తట్టలే.

గోళీ వేలి కొసకు అతికించిన.

అరగంట ఆయన కదల్లే. ఇంజినీర్లు, లెక్చరర్లు, యోగా టీచర్లు కదిలిన బల్ల అది. బయటికి తీసినంక "శభాష్ మామా, రాయి లెక్క ఉన్నవ్" అంటే, "బర్రె కింద కూసునేటోడు కదిలితే నోట్ల కొత్త పండ్లు గట్టించుకోవాలె" అన్నడు.

బొమ్మలు నేను తీసిన వాటిలోకెల్లా అందమైనవి. మంచిగున్న వేలిలో ఆ తాడు కాటుకతో గీసినట్టు నల్లగా కొస ఎముక దాకా పోతది. ఇక్కడ ఆ గీత లేదు. అది ఉండాల్సిన దారిలో నీళ్లు తెల్లగా మెరుస్తున్నయి. తాడు ఎటు పోయిందో చూద్దామంటే నా ఫ్రేము వేలి మొదట్లోనే ఆగిపోయింది. చూసిన. వాపులో కలిసిపోయిందేమో అనుకున్న. అప్పటికే భుజం నొప్పి పేషెంట్ ఒకాయన, ఆ భుజంతోనే తలుపు తోస్తున్నడు.

మా బొమ్మలు చదివే డాక్టరు మేడం ఏఎస్ రావు నగర్‌లో వాళ్ల ఇంటి నుంచి చూసేది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్‌లో మెసేజ్ వచ్చింది: "కొస దగ్గర టెండన్ కనిపిస్తలేదు. పేషెంట్‌కు అరచేతిలో నొప్పి గానీ గడ్డ గానీ ఉన్నదా? ఉంటే పిలిపించి అరచేయి కూడా తియ్యండి."

మామ అప్పటికే పోయిండు. రెండింటికి పాలు పిండే టైము. ఫోన్ చేస్తే అరగంటలో వచ్చేటోడు, నాచారం ఏమన్న నల్లగొండనా? కానీ పిలిస్తే, పొద్దున ఎందుకు తీయలేదని సీనియర్ అన్న అడుగుతడు. చూపెట్టినా చూడలేదని చెప్పాలె. గ్రూపులో అప్పటికే బొమ్మ పెట్టి ఉన్న.

"లేదు మేడం" అని కొట్టిన. పక్కకు ఒక దండం బొమ్మ కూడా పెట్టిన.

ఆ రెండు మాటలు టైపు చేయడానికి ఎంతసేపు పట్టి ఉంటది? భుజం పేషెంట్ చొక్కా గుండీలు విప్పేంత సేపు కూడా పట్టలే.

మేడం ఆ మాట నమ్మింది. వాపు ఉన్నది, తాడు కొంత తెగి ఉండొచ్చు అని రాసింది. క్లినిక్ డాక్టరు ఆ కాయితం చూసి, కొంతే కదా, దానంతటదే అతుకుతదని వేలికి పట్టీ కట్టి ఆరు వారాలు ఆగుమన్నడు. ఒక్కొక్కరు ముందటోని మాట మీద నిలబడ్డరు. అందరికంటే కింద నా దండం బొమ్మ ఉంది.

ఏడో వారం దాటినంక మామ మళ్లీ వచ్చిండు. ఈసారి చేతుల ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు చీటీ ఉంది. "వేలు, అరచేతితో సహా" అని రాసి, అరచేయి అన్న మాట కింద రెండు గీతలు గీసి ఉన్నయి.

ఆ రోజు సీనియర్ అన్న కూడా గదిలో ఉన్నడు. ఆయనే గోళీ పట్టుకొని అడిగిండు.

"నొప్పి ఏడ పెద్దాయినా?"

"ఈడనే," అని మామ అరచేయి నడుమ ఒత్తి, నా దిక్కు తిరిగి నవ్విండు. "అప్పుడు కూడ ఈ పిలగానికి జెప్పిన గదా. యాదికున్నదా బిడ్డా? జాతకం జెప్పేటోని కాడికి పొమ్మన్నడు."

ఫిర్యాదు లేదు. నా జోకు ఇంకా యాది పెట్టుకున్నడు, అంతే. అన్న నా దిక్కు చూసిండు. చూసి, గోళీ అతికించి, నాతో అన్నడు: "ఒత్తి సూడు."

ఒత్తిన. చర్మం కింద చింతగింజంత గట్టిగా తాకింది. దాన్ని పట్టుకొనేటందుకు అయస్కాంతం కూడా అక్కర్లేకుండె.

పెద్ద కాయిల్ పెట్టి తీసినం. బొమ్మ అంత మెరవలే. తాడు కొస నుంచి తెగి, వేలు మొత్తం దాటి వెనక్కి పోయి, అరచేతిలో ముడుచుకొని కూసుంది. గోళీ తెల్లచుక్క సరిగ్గా దాని మీదనే ఉంది. మామ ఈసారి కూడా కదల్లే. నేనే రెండుసార్లు తప్పు బటన్ నొక్కిన.

సాయంత్రం మేడం ఫోన్ చేసింది.

"అప్పుడు నేను అడిగిన గుర్తుందా, గడ్డ ఉన్నదా అని?"

"ఆయన చెప్పిండు మేడం. నేనే చూడలే. లేదని రాసిన."

అవతల వాళ్లింట్లో కుక్కర్ రెండు విజిళ్లు వేసింది.

"నేను కూడా ఒక్క ఫోన్ చేసి పేషెంట్‌నే అడిగుంటే సరిపోయేది," అన్నది. "మెసేజ్ పెట్టి ఊకున్న. అంత అందంగా తీసినవు కదా, నీ మాట కూడా అంతే పక్కాగా ఉంటదనుకున్న."

తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి అనేటోణ్ని. తిట్లకు నా దగ్గర స్టాకు ఉంటది.

తెల్లారి వచ్చేసరికి గోళీల డబ్బా నా బల్ల మీద లేదు, సీనియర్ అన్న బల్ల మీద ఉంది. అంతే శిక్ష. మేనేజర్‌కు జరిగింది చెప్తే, "పేషెంట్ ఏమన్న కంప్లైంట్ ఇచ్చిండా?" అన్నడు. లేదన్న. "మరి నీకెందుకు పరేషాన్?" అన్నడు. అట్ల ఆఫీసు తరఫున నేను నిర్దోషినైన.

ఆ తర్వాత ఒక ఆదివారం నాచారం పోయిన. కొట్టం పట్టుకొనుడు కష్టం కాలే, ఆ గల్లీలో వాసన చెప్తది. అపార్ట్‌మెంట్ల నడుమ ఒక డీసీఎం బండి వెనకడుగు వేసి నిలబడి ఉంది. నాలుగు బర్రెల్లో రెండు అప్పటికే ఎక్కినయి. మూడోదాన్ని ఒక పిలగాడు, ఇరవై ఐదేండ్లు ఉంటయేమో, తోక పట్టుకొని తోస్తున్నడు. ఘట్‌కేసర్ దిక్కు నుంచి కొనేటందుకు వచ్చినోడు.

అత్త నన్ను గుర్తుపట్టి స్టూలు వేసింది. అడగకముందే చెప్పింది.

"పది దినాలల్ల వచ్చుంటే ఆ నరాన్ని కిందికి గుంజి కొసకు కుట్టేటోళ్లమన్నరు బిడ్డా పెద్ద డాక్టరు. ఇప్పుడది కురచై పోయిందంట. కాలుల నుంచి వేరే నరం తీసి, రెండుసార్లు కోసి పెట్టాలంట, ఆర్నెల్లు పడుతదంట. గంత చేసినా వంగుతదని చెప్పలేమన్నరు."

"మామ ఏమన్నడు?"

"ఏమంటడు? ఆర్నెల్లు బర్రెలు నా కోసం పాలు ఆపుకుంటయా అన్నడు. మొన్నటిదాంక నేనే పిండిన. నాకు రెండు బర్రెలకే చేతులు పడిపోతయి. బయటోడు చేయి వేస్తే ఇవి చేపవు, పాలు ఇడువవు. పాలు పొదుగులనే ఉండి, ఒకదానికి గడ్డ గట్టింది. ఇగ అమ్ముదామన్నడు."

మామ వచ్చి నా పక్కనే పేడబుట్ట బోర్లించి కూసున్నడు. ఉంగరపు వేలు కొస నిటారుగా ఉంది. ఆరు వారాల పట్టీకి నడిమి కణుపు కూడా బిగుసుకపోయి సగమే వంగుతున్నది.

పిల్లలూ, చెప్పాల్సిన మాటను నేను బస్టాపులో మూడుసార్లు అనుకొని పోయిన. చివరికి సాఫ్‌గా రాలే.

"మామా, నీ వేలు గిట్ల కావడానికి నేనే కారణం. నువ్వు అరచేయి చూపెట్టినవ్. నేను చూడలే. బొమ్మలు చూసే డాక్టరమ్మ అడిగితే, గడ్డ లేదని అబద్ధం చెప్పిన. అప్పుడే చూసుంటే నయమయ్యేది."

నా కోసం తెస్తున్న చాయ్ గ్లాసు అత్త చేతిలోనే ఆగింది. మామ ఆ చేయిని ఒళ్లో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసుకున్నడు.

"అబద్ధం ఎందుకు జెప్పినవ్?"

"పని పెరుగుతదని."

ఆయన తలూపిండు.

"నాది గూడ తప్పే ఉన్నది బిడ్డా. ఇంగోసారి గట్టిగ జెప్పాలె. సదువుకున్నోడు, మిషన్ కాడ ఉన్నడు, ఊకె సతాయించుడు ఎందుకని నోరు మూసుకున్న."

నేను అట్ల కాదు మామా అని మొదలువెట్టిన. అత్త ఆపింది. "ఊకో బిడ్డా," అన్నది. గ్లాసు నా చేతికి ఇయ్యలే, స్టూలు పక్కన నేల మీద పెట్టి లోపలికి పోయింది. క్షమించింది మామ ఒక్కడే. అత్త చేసిందే నాకు న్యాయం అనిపించింది.

మూడో బర్రె ఎక్కింది. నాలుగోదాన్ని పట్టుకొని కొనేటోడు మామ కాడికి వచ్చిండు.

"పెద్దాయినా, ఇది నాకు చేపుతదా? పొద్దుగాల చేయి వేస్తే ఎగిరి తన్నింది."

"నువ్వు సన్ను గుంజుతున్నవ్. గుంజొద్దు. పిసికినట్టు పిండాలె." మామ లేచి నిలబడి, గాలిలో కుడిచేయి ఎత్తి చూపెట్టిండు. "పైనుంచి ఒక్కొక్క ఏలు ముడుసుకుంట కిందికి రావాలె. గిట్ల. దుడ్డె నోటి లెక్క తాకాలె దానికి."

చూపుడు వేలు ముడిచింది, నడిమి వేలు ముడిచింది, చిటికెన వేలు ముడిచింది. పిడికిలి బయట ఉంగరపు వేలు ఒక్కటి మిగిలింది.

కొనేటోడు శ్రద్ధగా చూసిండు. తన చేయి కూడా ఎత్తి, సరిగ్గా అట్లనే ముడిచిండు, ఉంగరపు వేలును బయటికి నిలబెట్టి.

"గట్ల కాదు," అన్నడు మామ. "అన్ని ఏళ్లు ముడువాలె."

"నువ్వు ముడుస్తలేవు గదా పెద్దాయినా?"

మామ తన పిడికిలి దిక్కు చూసుకున్నడు. ఎడమచేత్తో ఆ వేలును పట్టి, మెల్లగా లోపలికి వంచి, పట్టుకొనే ఉన్నడు.

"ఇగో," అన్నడు. "గిట్ల."